బెంగళూరులో పసిపిల్లను ఎవరికి అప్పజెప్పాలి: అమ్మమ్మ, ఆయా, డేకేర్‌లలో ఎంచుకునే పద్ధతి

ప్రసూతి సెలవు అయిపోవస్తోందనగా ప్రతి ఇంట్లోనూ ఈ చర్చ మొదలవుతుంది. అమ్మ రాగలదా? అత్తయ్య ఎన్నాళ్ళుంటారు? ఆయాను పెట్టుకుందామా, డేకేర్‌లో వేద్దామా? మారతహళ్లి అయినా, రామ్మూర్తి నగర్ అయినా, ఎలక్ట్రానిక్ సిటీ అయినా ఇద్దరూ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళ ఇళ్ళలో మాటలు దాదాపు ఇదే వరసలో నడుస్తాయి. ఊరేమో పక్కనే ఉన్నట్టుంటుంది. చిత్తూరో హిందూపురమో అయితే పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి చేరుకోవచ్చు. కానీ తొమ్మిదింటికి మీటింగ్ ఉండి, ఎనిమిదింటికి ఆయా "ఈరోజు రాలేను" అని ఫోన్ చేస్తే ఆ దగ్గరతనం ఎందుకూ కొరగాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏది ఎంచుకున్నా అది ఏదో ఒక రోజు ఆగిపోతుంది. ఆయా ఊరెళ్తుంది, జ్వరం ఉన్న పిల్లను డేకేర్ తీసుకోదు, అత్తయ్యకు మోకాలు పట్టేస్తుంది. ఆ రోజు పిల్ల దగ్గర ఎవరుంటారన్న ప్రశ్నకు జవాబు దొరికాకే మిగతా పోలికలు. కింద రాసిందంతా ఆ లెక్కలోనే రాశాను.

మొదట: మీ రోజును కాగితం మీద పెట్టండి

ఆయాల గురించి వాకబు చేసే ముందు ఆలుమగలిద్దరూ కూర్చుని సోమవారం నుంచి శనివారం దాకా గంటలు రాయండి. ఆఫీసు గంటలు రాస్తే సరిపోదు, గుమ్మం దాటిన దగ్గర్నుంచి మళ్ళీ గుమ్మంలో అడుగుపెట్టేదాకా రాయాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద వానపడ్డ సాయంత్రం ఎంత పడుతుందో అదే మీ అసలు ప్రయాణ సమయం. ఆదివారం ఖాళీ రోడ్డు మీద మ్యాప్ చూపించింది లెక్కలోకి రాదు. రాత్రి అమెరికా వాళ్ళతో కాల్స్ ఉంటే అవి కూడా రాయండి. చాలామంది పగటి గంటలే చూసుకుంటారు. తీరా చూస్తే పిల్ల ఎక్కువ గొడవ చేసేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర మధ్య, సరిగ్గా ఒకరు ట్రాఫిక్‌లో, ఇంకొకరు కాల్‌లో ఉన్నప్పుడు.

ఇంటినుంచి పని చేసే రోజుల్ని "పిల్లను చూసుకునే రోజులు"గా రాయకండి. కెమెరా ఆపేసి ఒళ్ళో పిల్లను పెట్టుకుని పని చేయడం వారానికి ఒకరోజు సాగుతుందేమో గానీ అది ఏర్పాటు కాదు. ఇల్లే ఆఫీసైనా ఆ గంటలకు ఇంకో మనిషి ఉండాల్సిందే.

సెలవు లెక్క కూడా ఇక్కడే వేసుకోండి. 2017లో చట్టాన్ని సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు. అందులో ప్రసవానికి ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు. ముందే ఎక్కువ వాడేసుకుంటే పిల్లకు నాలుగో నెల నిండీ నిండకముందే ఆఫీసుకు వెళ్ళాల్సి వస్తుంది, అంటే పాలు తప్ప ఇంకేమీ తాగని, తినని వయసు. చివరిదాకా ఉద్యోగం చేసి, సెలవంతా ప్రసవం తర్వాతే వాడుకుంటే ఆరో నెల దాకా ఇంట్లో ఉండొచ్చు. సెలవు ముగిశాక పని స్వభావాన్ని బట్టి ఇంటినుంచి పని చేయడానికి యాజమాన్యంతో ఒప్పందం కుదుర్చుకునే వీలు కూడా చట్టంలో ఉంది. హెచ్‌ఆర్‌ను మొహమాటపడకుండా అడగండి.

తర్వాత: పిల్ల వయసు చూడండి

ఆరు నెలల్లోపు పిల్లకు కావలసింది ఒక్కరే మనిషి, అదే చెయ్యి, అదే వాసన. ఈ వయసులో ఇల్లే నయం. ఎనిమిది, తొమ్మిది నెలలకు కొత్తవాళ్ళను చూసి ఏడవడం, అమ్మ కనబడకపోతే బెంగపడటం మొదలవుతుంది. ఏడాది, ఏడాదిన్నర దాకా అది గట్టిగా ఉంటుంది. కాబట్టి ఆయాను పెట్టుకోవాలనుకుంటే ఆ బెంగ మొదలవ్వకముందే అలవాటు చేయడం సులువు. సరిగ్గా పదో నెలలో డేకేర్ మార్చడం, పదకొండో నెలలో అమ్మమ్మ ఊరెళ్ళిపోవడం లాంటివి రెండూ కలిపి పెట్టుకోకండి.

రెండేళ్ళు దాటాక లెక్క మారిపోతుంది. ఫ్లాట్‌లో ఆయాతో రోజంతా ఉన్న పిల్లకు విసుగు, ఆయాకు నీరసం. అప్పుడు పొద్దున మూడు గంటలు ప్లేస్కూలు, మిగతా సమయం ఇల్లు అన్న పద్ధతి బాగా కుదురుతుంది.

అమ్మమ్మ, నానమ్మ

మనవాళ్ళు ఎక్కువమంది మొదట ఇటే మొగ్గుతారు. నమ్మకం విషయంలో దీనికి సాటి లేదు. అయితే ఖర్చు లేదనుకోవడం మాత్రం పొరపాటు. ఆ ఖర్చు పెద్దవాళ్ళ ఒంటి మీద పడుతుంది. తొమ్మిది నెలల పిల్ల ఎనిమిది కిలోల దాకా ఉంటుంది. అరవై దాటిన మనిషి ఆ బరువును రోజుకు ఎన్నిసార్లు వంగి ఎత్తుకుంటారో ఒకసారి గమనించండి. మధ్యాహ్నం బీపీ మాత్ర వేసుకుని కాసేపు నడుం వాల్చే అలవాటున్నవాళ్ళకు ఆ నిద్ర కూడా పోతుంది. పైగా పదకొండో అంతస్తులో, భాష రాని చోట, పలకరించే మనిషి లేకుండా రోజంతా గడపాలి. అవతల ఊళ్ళో మామయ్య ఒక్కరే అన్నం వండుకుంటూ ఉంటారు. ఇవేవీ వాళ్ళు నోరు తెరిచి చెప్పరు. "మాకేం పర్లేదమ్మా" అంటారు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఇదే: పెద్దవాళ్ళు ఉన్నప్పుడు కూడా ఆయాను పెట్టండి. ఎత్తుకోవడం, స్నానం, గుడ్డలు, సీసాలు ఆయావి. పిల్ల తిన్నదా, ఎందుకు ఏడుస్తోంది, ఆయా ఎలా మాట్లాడుతోంది అని చూసుకోవడం అమ్మమ్మది. బెంగళూరులో ఉన్నవాటిలో నా దృష్టిలో ఇంతకన్నా గట్టి ఏర్పాటు లేదు, ఒకరు రాని రోజు రెండోవాళ్ళు లాక్కొస్తారు. రెండు వైపులవాళ్ళూ రాగలిగితే మూడు నెలలకొకరు చొప్పున వంతులు వేసుకోండి, పంటలూ పండగలూ చూసుకుని. ఒకరు వెళ్ళేరోజుకూ ఇంకొకరు వచ్చేరోజుకూ మధ్య ఖాళీ ఉంచకండి, కనీసం నాలుగు రోజులు ఇద్దరూ కలిసి ఉండేలా టికెట్లు తీయండి.

గొడవలు వచ్చేవి చిన్న విషయాల దగ్గరే. నాలుక మీద తేనె రాయడం, చెవుల్లో ముక్కుల్లో నూనె వేయడం, కాటుక, గ్రైప్ వాటర్. ఇందులో తేనె ఏడాదిలోపు అస్సలు వద్దు. దానివల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా తెస్తుంది. ఈ మాటలు కోడలు చెబితే ఒకలా ఉంటుంది, కూతురు చెబితే ఇంకోలా ఉంటుంది, డాక్టరు చెబితే ఏ గొడవా ఉండదు. టీకాకు వెళ్ళినప్పుడు అత్తయ్యను కూడా తీసుకెళ్ళి, ఆవిడ ముందే డాక్టరును అడగండి.

ఇంకొక్కటి. పెద్దవాళ్ళ ఆరోగ్య బీమా బెంగళూరులో మీ ఇంటి దగ్గరి ఆసుపత్రిలో పనిచేస్తుందో లేదో వాళ్ళు బస్సెక్కేలోపే చూసుకోండి. వాళ్ళ మందుల చీటీలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

పగలు వచ్చి వెళ్ళే ఆయా

అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా నడిచేది ఇదే. పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి సాయంత్రం ఆరున్నరకు వెళ్తుంది. దగ్గరలోనే ఉండే మనిషయితే వానలకూ బస్సులకూ ఆగదు. చుట్టుపక్కల కన్నడ, తమిళం, తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతారు. కోలారు వైపు నుంచో మదనపల్లె వైపు నుంచో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళూ ఉంటారు. భాష ఏదన్నది పిల్లకు పెద్ద విషయం కాదు, రెండు మూడు భాషలు కలిపి నేర్చేసుకుంటారు. మీకూ ఆమెకూ మాత్రం జ్వరం, వాంతి, విరేచనం, మందు, చుక్కలు, పడిపోయింది అన్న మాటలు ఫోన్‌లో తడబడకుండా అర్థం కావాలి. అంతవరకు కన్నడం మీరే నేర్చుకుంటే ఇంకా మంచిది.

పిల్ల పని, వంట పని, ఇంటి పని ముగ్గురివి. ఒక్కరి మీద వేస్తే దెబ్బతినేది పిల్ల పనే, ఎందుకంటే అంట్లు తోమకపోతే సింకులో కనబడతాయి, పిల్లతో ఆడకపోతే ఎవరికీ కనబడదు. పిల్లకు సంబంధించిన వంట, బట్టలు, సీసాలు వరకే ఆయాకు చెప్పండి. పిల్ల నిద్రపోయినప్పుడు ఆమె కూడా కాసేపు కూర్చోవాలి. "ఖాళీగా ఉందిగా, ఆ బట్టలు మడతపెట్టించు" అనే పక్కింటివాళ్ళ సలహా వినకండి.

ఇంట్లోనే ఉండే ఆయా

రాత్రి కాల్స్, షిఫ్టులు, కవలలు, దగ్గర్లో బంధువులెవరూ లేకపోవడం: ఇలాంటప్పుడు ఇదే దారి. చాలావరకు ఏజెన్సీల ద్వారా ఒడిశా, జార్ఖండ్, అస్సాం, పశ్చిమ బెంగాల్ నుంచి వస్తారు. ఆమెకు పడుకోవడానికి తలుపున్న చోటు, మంచి భోజనం, వారానికో రోజు సెలవు, ఇంటికి ఫోన్ చేసుకునే సమయం ఇవ్వగలిగితేనే పెట్టుకోండి. రెండు గదుల ఫ్లాట్‌లో అత్తమామలతో పాటు ఆమెను హాల్లో పడుకోబెట్టాలంటే ఎవరికీ సుఖం ఉండదు. పిల్లకు రాత్రి పాలు పట్టి, పగలు కూడా ఆమే చూసుకోవాలంటే అది రెండు ఉద్యోగాలు. నిద్రలేని మనిషి చేతిలో పసిపిల్ల ఉండటం ప్రమాదం.

ఏజెన్సీ వాళ్ళతో మాట్లాడేటప్పుడు: కమీషన్ ఎంత, మనిషి మధ్యలో వెళ్ళిపోతే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారు, ఎన్నిసార్లు, జీతం నేరుగా ఆమె ఖాతాలో పడుతుందా లేక వాళ్ళ చేతిలోనా? ఈ చివరి ప్రశ్నకు నీళ్ళు నమిలితే అక్కడితో వదిలేయండి. వయసు రుజువు తప్పనిసరిగా చూడండి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం నేరం, పద్దెనిమిది నిండని అమ్మాయి చేతిలో మీ పిల్లను పెట్టడం ఆ అమ్మాయికీ అన్యాయమే. మనిషి చిన్నగా కనిపిస్తే ఆధార్ మీద ఉన్న ఏడాదిని గుడ్డిగా నమ్మకండి.

పక్కింటి ఆంటీ దగ్గర వదలడం

తన ఇంట్లోనే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని చూసుకునే గృహిణులు ప్రతి లేఅవుట్‌లోనూ ఉంటారు. మనిషి మంచిదైతే డేకేర్ కన్నా వెచ్చగా ఉంటుంది. కానీ ఆ ఇల్లు పిల్లల కోసం కట్టింది కాదు. విడి ఇళ్ళలో అయితే మొట్టమొదట చూడాల్సింది నేలలోని నీళ్ళ సంపు. దాని మూత బరువైనదా, తాళం ఉందా, ట్యాంకర్ వచ్చినప్పుడు ఎవరు తెరుస్తారు, తెరిచినప్పుడు పిల్లలెక్కడుంటారు? తర్వాత బాల్కనీ కమ్మీల సందు, మేడమెట్లకు గేటు, కింద పెట్టిన గ్యాస్ పొయ్యి, బకెట్లలో పట్టిన నీళ్ళు. ఆవిడ మార్కెట్‌కు వెళ్తే పిల్లల దగ్గర ఎవరుంటారు, ఇంట్లో మగవాళ్ళెవరెవరు ఉంటారు అన్నదీ అడగాల్సిందే. అడగడానికి మొహమాటమేస్తే అక్కడ వదలకండి.

రెండు ఫ్లాట్ల వాళ్ళు కలిసి ఒక ఆయాను పెట్టుకోవడం కూడా కొందరు చేస్తున్నారు. పిల్లల వయసులు దగ్గరగా ఉండి, ఇద్దరు తల్లుల పట్టింపులు కలిస్తేనే అది సాగుతుంది.

డేకేర్, ఆఫీసు క్రెష్

50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్, అంటే ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే చోటు, కల్పించాలని చట్టం చెబుతోంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి పిల్లను చూసి రావచ్చు, పాలివ్వొచ్చు. కంపెనీలు చాలాసార్లు బయటి డేకేర్‌తో ఒప్పందం పెట్టుకుని ఆ విషయాన్ని ఏదో పాలసీ పేజీలో రాసి వదిలేస్తాయి. అడిగి తెలుసుకోండి. అయితే ఆఫీసు దగ్గర డేకేర్ అంటే పిల్ల కూడా మీతోపాటు ఆ ట్రాఫిక్‌లో ప్రయాణం చేయాలి. ఇల్లు దూరమైతే ఇంటి దగ్గర డేకేరే నయం, ఇద్దరిలో ఎవరు ముందొస్తే వాళ్ళు తీసుకురావచ్చు.

చూడటానికి వెళ్తే వాళ్ళు చెప్పిన సమయానికి వెళ్ళకండి. ఒకసారి పదకొండున్నరకు, అన్నం పెట్టే వేళ. ఇంకోసారి సాయంత్రం అయిదున్నరకు, అందరూ అలసిపోయే వేళ. గోడల మీద బొమ్మలు కాదు చూడాల్సింది, ఏడుస్తున్న పిల్ల దగ్గరికి ఎవరైనా ఎంతసేపటికి వెళ్తున్నారో చూడండి. ఏడాదిలోపు పిల్లలు నలుగురికి మించి ఒక్క ఆయా చేతిలో ఉంటే నేను వదలను. డైపర్ మార్చాక చేతులు కడుగుతున్నారా, పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెడుతున్నారా, తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషిని ఎలా గుర్తుపడుతున్నారు? ఈ మూడూ చూస్తే మిగతాది అర్థమైపోతుంది.

మొదటి ఏడాది జలుబులకు సిద్ధపడండి. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలే, డేకేర్‌లో చేరిన కొత్తల్లో ఇంకా ఎక్కువే. నెలలో నాలుగైదు రోజులు పిల్ల ఇంట్లోనే ఉంటుంది, ఫీజు మాత్రం నెల మొత్తానికీ కట్టాలి. జాతీయ పట్టిక ప్రకారం టీకాలన్నీ పూర్తి చేసి, ఆరు నెలలు దాటాక ఏటా వేసే ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి.

డబ్బు లెక్క

నెల జీతం, నెల ఫీజు పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ఏమీ తేలదు. ఏడాది మొత్తం వేయండి. ఆయా అయితే: పన్నెండు జీతాలు, పండగ బోనస్, ఏజెన్సీ కమీషన్, ఆమె భోజనం, ఆమె సెలవులో ఉన్నప్పుడు మీరు పెట్టే సెలవులు. డేకేర్ అయితే: అడ్మిషన్ ఫీజు, నెల ఫీజు, భోజనం విడిగానా కలిపా, ఆలస్యమైతే వేసే గంట చార్జీ, ఆటో, జ్వరం రోజులకు మీ సెలవులు. అమ్మమ్మ అయితే: రాకపోకల టికెట్లు, మందులు, ఊళ్ళో ఇంటి ఖర్చు. ఇలా వేస్తే చాలా ఇళ్ళలో మూడింటి మధ్య తేడా అనుకున్నంత ఉండదు. జీతాలు ఏరియాను బట్టి బాగా మారతాయి కాబట్టి మీ అపార్ట్‌మెంట్‌లోనే మూడు నాలుగు ఇళ్ళలో అడిగి, మధ్యస్థంగా ఉన్నదానికన్నా కాస్త ఎక్కువే ఇవ్వండి. ఇంటిపనివాళ్ళకు కనీస వేతనాల పట్టికను కర్ణాటక ప్రభుత్వం ప్రకటిస్తుంది, అంతకు తగ్గించి బేరం ఆడకండి.

ఈ లెక్కను తల్లి జీతంలోంచి తీసేసి "నీ జీతమంతా ఆయాకే పోతోంది" అనడం మన ఇళ్ళలో వినబడే మాట. పిల్ల ఇద్దరిదీ అయినప్పుడు ఖర్చు ఇద్దరి జీతాల్లోంచీ పోవాలి.

ఆయాను చూసి మాట్లాడేటప్పుడు

ఆఫీసులో తిరిగి చేరడానికి రెండు మూడు నెలల ముందే వెతకడం మొదలుపెట్టండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, సెక్యూరిటీ గార్డులు, పాత ఆయాలు: ఈ మూడు దారుల్లో వచ్చినవాళ్ళే ఎక్కువకాలం నిలుస్తారు. గేటు దగ్గర రాకపోకలు నమోదు చేసే మైగేట్ లాంటి యాప్ ఉన్న చోట ఆమె ఏయే ఇళ్ళలో పనిచేస్తోందో, ఎంత క్రమంగా వస్తోందో కనబడుతుంది. ఆ ఇళ్ళవాళ్ళకు ఫోన్ చేసి మాట్లాడండి. "మంచిదేనా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "మీ పిల్ల పడిపోయినప్పుడు మీకు ఎంతసేపటికి చెప్పింది?" అని అడగండి.

ప్రశ్నలకన్నా ఆమె చేతులు ఎక్కువ చెబుతాయి. ఒకామె మా ఇంటికి వచ్చి, పాపను ఇవ్వబోతుంటే ఆగమంది. గాజులు తీసి పర్సులో వేసుకుంది, జుట్టు ముడి వేసుకుంది, సబ్బెక్కడుందని అడిగి చేతులు కడుక్కుంది. అప్పటికీ ఎత్తుకోలేదు. చాప మీద కూర్చుని తన తాళంచెవి గుత్తి నేలమీద పెట్టి నాతో మాట్లాడుతూ ఉంది. పాప మెల్లగా పాక్కుంటూ ఆమె దగ్గరికి వెళ్ళింది. ఇంకొకామె అన్ని ప్రశ్నలకూ చక్కగా జవాబులు చెప్పింది గానీ, ఉన్నంతసేపూ పదే పదే ఫోన్ తీసి చూసుకుంది. పాప అన్నం తినకపోతే ఏం చేస్తావంటే "యూట్యూబ్ పెడితే తినేస్తారు మేడమ్" అంది. మొదటామెకు రాగి సరి తప్ప ఇంకేమీ వండటం రాదు. ఆమెనే పెట్టుకున్నాం.

నచ్చాక ఆధార్ నకలు, ఇప్పటి చిరునామా, ఊళ్ళో ఒక బంధువు నంబరు తీసుకోండి. పోలీసు వెరిఫికేషన్‌కు కర్ణాటక ప్రభుత్వ సేవా సింధు పోర్టల్‌లో దరఖాస్తు చేయొచ్చు. ఆమెకు చెప్పి, ఎందుకో వివరించి చేయండి. వీలైతే ఒకసారి ఆమె ఇంటికి వెళ్ళిరండి. చాలాకాలంగా దగ్గు ఉంటే టీబీ పరీక్ష, ఫ్లూ టీకా మీ ఖర్చుతో చేయించండి.

అప్పజెప్పే రెండు వారాలు

చేరిన రోజే పిల్లను అప్పజెప్పి ఆఫీసుకు పరిగెత్తేలా పెట్టుకోకండి. ఆఫీసులో చేరడానికి రెండు వారాల ముందే ఆయాకు జీతం మొదలుపెట్టండి. మొదటి మూడు రోజులు మీరు చేస్తుంటే ఆమె చూస్తుంది. తర్వాత నాలుగు రోజులు ఆమె చేస్తుంటే మీరు చూడండి, మధ్యలో అడ్డుపడకుండా. రెండో వారం గంట, రెండు గంటలు, సగం రోజు చొప్పున బయటికి వెళ్ళిరండి. వెళ్ళేటప్పుడు దొంగచాటుగా జారుకోవద్దు. టాటా చెప్పి వెళ్ళండి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. చెప్పకుండా మాయమైతే మీరు వంటగదిలోకి వెళ్ళినా వెంటపడి ఏడుస్తుంది.

తల్లిపాలు పిండి పెట్టి వెళ్ళేవాళ్ళు సీసా మీద టేపు అంటించి తేదీ, సమయం రాయండి. గది 25 డిగ్రీలు దాటకపోతే 4 గంటల వరకు బయట ఉంచొచ్చు. బెంగళూరు ఏప్రిల్‌లో అంత చల్లగా ఉండదు కాబట్టి వేసవిలో నేరుగా ఫ్రిజ్‌లోనే పెట్టండి. అక్కడ 4 రోజులు ఉంటాయి. తలుపు అరలో వద్దు, లోపలి అరలో. మైక్రోవేవ్‌లో వేడి చేయకూడదు, వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టాలి. పిల్ల తాగగా మిగిలినవి రెండు గంటల్లో వాడకపోతే పారబోయాలి. ఈ చివరిది ఆయాకూ అమ్మమ్మకూ ఇద్దరికీ మనసొప్పదు, ముందే చెప్పి ఉంచండి.

ఫ్రిజ్ మీద అంటించాల్సిన కాగితం

ఆయా చదవగలిగే భాషలో, పెద్ద అక్షరాల్లో. చదువు రాకపోతే బొమ్మలతో, ఫోన్‌లో ఫొటోలు పెట్టిన నంబర్లతో. 112 అత్యవసరానికి, 108 అంబులెన్స్‌కు. రాత్రీ పగలూ పిల్లల డాక్టరు ఉండే దగ్గరి ఆసుపత్రి పేరు, మీ ఇంటి పూర్తి చిరునామా (కంగారులో బ్లాకు నంబరు కూడా గుర్తురాదు), ఎదురు ఫ్లాటు వాళ్ళ నంబరు.

మందుల సంగతి కాస్త ఎక్కువ జాగ్రత్తగా రాయండి. పారాసిటమాల్ చుక్కల మందులో మామూలుగా ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములుంటుంది. అదే సిరప్‌లో 5 ఎంఎల్‌కు 120 లేదా 250 మిల్లీగ్రాములు. అంటే సిరప్ కొలతతో చుక్కల మందు పట్టేస్తే రెండింతలు, నాలుగింతలు మందు లోపలికి పోతుంది. ఇంట్లో రెండూ ఉంచకండి, ఒకటే ఉంచండి. డాక్టరు బరువును బట్టి చెప్పిన మోతాదును సీసా మీదే మార్కర్‌తో రాయండి. ఫోన్ చేసి అడగకుండా ఏ మందూ వేయకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు సిరప్‌లు అసలే వద్దు.

గొంతుకు అడ్డంపడేవి రాయండి: వేరుశెనగ గింజలు, గుండు ద్రాక్ష, శెనగలు, దానిమ్మ గింజలు, నాణేలు, బటన్ బ్యాటరీలు. టీవీ, ఫోన్ గురించి కూడా రాయండి. రెండేళ్ళు నిండేదాకా తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య రోజుకు గంటకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అమ్మమ్మ సీరియల్ ఇందులోకే వస్తుందా అంటే, వస్తుంది. ఆ గంట ఆయా పిల్లను కిందికి తిప్పడానికి తీసుకెళ్తే అందరికీ శాంతి.

కెమెరా

పెట్టండి, కానీ చెప్పి పెట్టండి. హాలు, పిల్ల ఆడుకునే చోటు వరకే. ఆమె బట్టలు మార్చుకునే, పడుకునే గదిలో పెట్టకూడదు. ఆఫీసులో కూర్చుని రోజంతా చూస్తూ అయిదు నిమిషాలకోసారి ఫోన్ చేస్తే ఆమెకు ఊపిరి సలపదు, మీకు పని సాగదు. రోజుకు రెండు మూడుసార్లు, సమయాలు మార్చి చూస్తే చాలు.

జీతం, సెలవులు, గౌరవం

గంటలు, వారపు సెలవు, నెలకు ఎన్ని జీతంతో కూడిన సెలవులు, ఆలస్యమైతే అదనం ఎంత, అడ్వాన్సు తీసుకుంటే ఎలా తగ్గించాలి: ఇవన్నీ ఒక కాగితం మీద రాసి చెరొకటి ఉంచుకోండి. ఏ పండగలు జరుపుకుంటుందో ముందే అడగండి. మనం సంక్రాంతికి ఊరెళ్దామని చూస్తుంటే ఆమెకు గౌరీ గణేశ పండగ ముఖ్యం కావచ్చు, దసరా కావచ్చు. మీరు ఊరెళ్ళిన వారం జీతం కోయకండి. ఆమె బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. జీవన జ్యోతి బీమా 436 రూపాయలు, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. రెండూ మీరే కట్టి, అసంఘటిత కార్మికులకు ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు కూడా చేయించండి.

తాగడానికి వేరే గ్లాసు, కూర్చోవడానికి నేల అనే పద్ధతి ఉన్న ఇంట్లో మీ పిల్ల ఏం చూసి ఏం నేర్చుకుంటుందో నేను చెప్పక్కర్లేదు.

రెండో వరస

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆయా రాని పొద్దున ఎవరు? మూడు పేర్లు వరసగా రాసి ఉండాలి. భార్యాభర్తల్లో ఈ నెల వంతు ఎవరిది, ముందే తేల్చుకోండి, ప్రతిసారీ తల్లే సెలవు పెట్టే అలవాటు అక్కడే ఆగుతుంది. రెండోది, రోజువారీగా పిల్లలను తీసుకునే డేకేర్ ఒకటి చూసి, పేరు నమోదు చేయించి, నెలకోసారైనా సగం పూట అక్కడ వదిలి అలవాటు చేయండి. ముక్కూమొహం తెలియని చోట కంగారుగా వదిలితే పిల్ల బెదిరిపోతుంది. మూడోది, అపార్ట్‌మెంట్‌లోనే మీలాంటి ఇంకో కుటుంబం. మీ ఆయా రాని రోజు మీ పిల్ల వాళ్ళింట్లో, వాళ్ళ ఆయా రాని రోజు వాళ్ళ పిల్ల మీ ఇంట్లో. ఇందుకు ఆయాకు ఆ రోజుకు అదనంగా ఇవ్వాలి, ఉచితంగా చేయించకూడదు. అమ్మానాన్నలను ఊరినుంచి పిలిపించడం నాలుగో దారి. రాత్రి బస్సెక్కితే పొద్దుటికి వస్తారు కానీ, ఆరోజు పొద్దున సమస్య అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఎప్పుడు మార్చాలి

చిన్న దెబ్బలు, గీతలు పిల్లలకు మామూలే. దాచిపెట్టడం మామూలు కాదు. ఆయా గుమ్మంలో అడుగుపెట్టగానే రోజూ పిల్ల బిగుసుకుపోతున్నా, పగలంతా మత్తుగా పడుకుని రాత్రంతా మేలుకుంటున్నా, చెప్పిన కారణానికీ దెబ్బకూ పొంతన లేకపోయినా, ఇంకో వారం చూద్దామని ఆగకండి. ఆ రోజే ఆపి డాక్టరుకు చూపించండి. పిల్లల మీద హింస అనుమానమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఆలస్యంగా రావడం, అన్నం కొంచెమే పెట్టడం లాంటివి వేరు. కూర్చోబెట్టి మాట్లాడితే సర్దుకుంటాయి.

అన్నీ బాగానే ఉండి, పిల్ల స్కూల్లో చేరాక ఆయా అవసరం తీరిపోతే కనీసం నెల రోజుల ముందు చెప్పండి. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆమె గురించి మీరే రాసి, ఇంకో ఇల్లు దొరికేదాకా చూడండి. బాకీ జీతం, బోనస్ చివరిరోజే ఖాతాలో వేయండి. ఆమె వెళ్తోందని పిల్లకు రెండు మూడు రోజుల ముందునుంచీ చెప్పండి, వెళ్ళాక అప్పుడప్పుడు వీడియో కాల్ చేయించండి. ఇంటి తాళంచెవి తీసుకోండి, గేటు యాప్‌లో పేరు తీయండి, ఫ్రిజ్ మీద కాగితంలో ఆమె నంబరు ఉన్నచోట కొత్త నంబరు రాయండి.